పరిశీలనలో ఉన్న బిడ్డ

తన బిడ్డను తన చేతికి ఇవ్వరేమోనన్నదే వరాలుకు అన్నిటికన్నా పెద్ద భయం. జాజి పుట్టిన రోజు నుంచీ ఉన్న భయమే అది. సాయంత్రం నాలుగు దాటినా శిశుగృహం అద్దపు తలుపు తెరుచుకోకపోయేసరికి అద్దాన్ని అరచేత్తో మళ్లీ తట్టింది.

"ఈ బిడ్డ ఉపద్వారం పరిశీలనలో ఉంది. పరిశీలకులే వచ్చి తీసుకువెళ్లాలి" అంది తలుపు, మూడోసారి.

అద్దానికి అవతల రెండేళ్ల జాజి చెప్పులు వేసుకుని, సంచి తగిలించుకుని, అమ్మను చూసి నవ్వుతోంది.

సముద్రపు గోడ పక్కన కట్టిన ఆ రేవుకోట మేడల్లో తాళంచెవులు పోయి నలభై ఏళ్లయింది. పూర్వం అంతర్జాలంలో దుకాణాలకు డొమైన్ అని ఒక పేరు ఉండేదట. ఇప్పుడు ప్రతి మనిషికీ అలాంటిదొకటి ఉంది, దాన్ని నామద్వారం అంటారు. ఆ పేరు ఎవరి చేతిలో ఉంటే ఇంటి తలుపూ కుళాయీ వైద్యుడూ వాళ్ల మాటే వింటాయి. ముందూ వెనకా అంకెలు లేకుండా ఒట్టి 'వరాలు' అన్న పేరు ఆమె తాత మొదట్లోనే రాయించి పెట్టాడు. అలాంటివి ఊరికి పది కూడా లేవు. పాతగట్టులో పూజాసామగ్రి దుకాణం నడిపే శేషారత్నం తన కొట్టుకు కలిసొచ్చే పేరని దానికోసం ఏడాదిగా అడుగుతోంది. వరాలు అమ్మనంటే అమ్మనంది. జాజి ఆయాసం చూసి వైద్యుడు ఈ ఉప్పుగాలి వదిలి కొండ మీదికి పొమ్మన్నాకే ఒప్పుకుంది. ఆ సొమ్ముతో కొండ మీద గది వస్తుంది.

ఇలాంటి బేరాలు నేరుగా సాగవు. అమ్మేవారి పేరూ కొనేవారి సొమ్మూ 'తటస్థ పేటిక'లోకి వెళ్తాయి. కొనేవారు కొన్నాళ్లు పేరును వాడి చూసుకుని అప్పుడు సరేననాలి, లేదా వద్దనాలి. ఆ పరిశీలన గడువు ఎన్నాళ్లో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. తేల్చుకున్నాక తగ్గించడం ఎవరి తరమూ కాదు. బెదిరించి సరే అనిపించకుండా అలా పెట్టారు.

శేషారత్నం పద్నాలుగు రోజులంది. వరాలు ఒక్క రోజంది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి ఆ షరతుల పత్రం చదివే ధైర్యం ఎక్కడిది? గేదెను కొనేవాడు మూడు పూటలు పాలు పిండి చూసుకుంటాడని అత్త పైడమ్మ చెప్పే మాట గుర్తొచ్చి, ఆ లెక్కన మూడు రోజులు చాలని పట్టుబట్టింది. శేషారత్నం దిగివచ్చింది. తన తెలివికి తానే మురిసిపోతూ వరాలు ఆ ఉదయం పదకొండింటికి వేలిముద్ర వేసింది.

అయిదేళ్లు నిండేదాకా పిల్లలకు సొంత పేరు ఉండదు. తల్లి పేరు కిందే ఒక ఉపద్వారం ఉంటుంది. ఆ సంగతి వేలిముద్ర వేసేటప్పుడు ఆమెకు తట్టనే లేదు.

పక్కనే ఉన్న పైడమ్మ తలుపు మాట విని మెల్లిగా అంది. "ఒలే, మూడు పూటలన్నది గుర్తెట్టుకున్నావు. పాలు చేపాలంటే గేదెతో దూడనీ తోలుకెళ్తారని మరిచిపోనావేటే."

వరాలు మగడు సముద్రం మీద గాలిమరల పనికి ఆరు నెలల ఒప్పందం మీద వెళ్లాడు. ఎవరిని పిలుద్దామన్నా తన పేరే తన దగ్గర లేదు. అత్త మాట్లాడుకునే చెవిపూస అడిగి తీసుకుని, తన పేరునే పిలిచింది. అవతలి నుంచి వేరే గొంతు "చెప్పండి" అంది.

శేషారత్నం ఆరున్నరకు వచ్చింది. అరవై ఏళ్ల సన్నటి మనిషి, చీరంతా కర్పూరం వాసన. ఆవిడను చూడగానే తలుపు తెరుచుకుంది. వరాలు బిడ్డను లాక్కున్నట్టు ఎత్తుకుని నడిచింది. పది అడుగులు వేసిందో లేదో జాజి కాలిపట్టీ గీపెట్టింది. శిశుగృహం దాటాక, పేరు చేతిలో ఉన్నవారికి పది అడుగులు మించి బిడ్డ దూరం వెళ్లకూడదు.

"మరేం చేస్తామమ్మా. మూడు రోజులూ మీ ఇంట్లోనే ఉంటాను" అంది శేషారత్నం. ఇల్లు వరాలు పేరు మీదే ఉంది కాబట్టి ఆ ఇంటి తలుపు కూడా ఆవిడే తెరిచింది.

ఒక్క గదిలో నలుగురూ చిక్కుకుపోయారు. వరాలుకు మంచినీళ్లు కావాలంటే శేషారత్నం కుళాయి ముందు నిలబడాలి. శేషారత్నం స్నానానికి వెళ్తే జాజిని ఎత్తుకుని వరాలు బయట కాపలా కాయాలి. ఎవరికి ఎవరు కాపలానో తేల్చండని పైడమ్మ వేళాకోళమాడింది. వరాలుకు నవ్వు రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జాజి అమ్మ ఒళ్లోనే నిద్రపోతోంది. పొయ్యి దగ్గరున్న శేషారత్నం చేతిలో గరిటె పడేసి పరుగున వచ్చి బిడ్డను నిటారుగా ఎత్తి వీపు నిమిరింది. ఆ తర్వాత గానీ దగ్గు రాలేదు. కాలిపట్టీ బిడ్డ ఊపిరిని వింటూ ఉంటుంది, బిగుసుకుంటే చెవిపూసలో చెబుతుంది. అది ఇప్పుడు ఆవిడ చెవిలోనే చెబుతోంది. ఒళ్లో పెట్టుకున్న తల్లికి తెలియనిది పొయ్యి దగ్గరున్న మనిషికి తెలిసింది. జాజి ఆవిడ భుజం మీదే మళ్లీ నిద్రపోయింది. ఈవిడ ఇక ఇవ్వదు, అనుకుంది వరాలు. ఆ పూట అన్నం సహించలేదు.

మూడు రోజులూ నిండి, నాలుగో రోజు ఉదయం పదకొండింటికి పేటిక అడిగింది: పేరు తీసుకుంటున్నారా? శేషారత్నం తీసుకుంటున్నానంది. ఉపద్వారం ఉంచుకుంటారా, తల్లికి వచ్చే కొత్త అంకెల పేరు కిందికి తిరిగి ఇస్తారా?

శేషారత్నం వంగి చూసింది. జాజి ఆవిడ కొంగుతో ఆడుకుంటోంది. పైడమ్మ నోట్లో తమలపాకు నమలడం ఆపేసింది. వరాలు గోడ పట్టుకుని నిలబడింది.

"ఇచ్చేయండి" అంది చివరికి శేషారత్నం.

మరుక్షణమే చెవి తడుముకుంది. చెవిపూస తీసి చూసి మళ్లీ పెట్టుకుంది.

"మూడు రోజులు ఈ చెవిలో ఒక ఊపిరి ఉందమ్మా. ఇప్పుడేమీ లేదు. అది దగ్గితే నాకెలా తెలుస్తుంది?"

వరాలు జాజిని ఎత్తుకుంది.

కొండ గాలికి జాజి కుదుటపడింది. పేరు అమ్మినవారు కొన్నవారిని ఏడాదిపాటు కలవకూడదు, పిలవకూడదు. అదీ షరతుల్లో ఉందని వరాలుకు తర్వాత తెలిసింది. పాతగట్టు నుంచి వచ్చినవాళ్లు ఒక మాట చెబుతున్నారు. శేషారత్నం బేరం మధ్యలో ఆగిపోయి, తల పక్కకు వంచి ఏదో వింటున్నట్టు నిలబడుతోందట. పొయ్యి వెలిగించడం కూడా తగ్గించేసిందట. ఆవిడకు వేరే ఎవరూ లేరు.

ఏడాది తిరిగేదాకా వరాలు వెళ్లడానికి వీల్లేదు. మీలో ఎవరైనా పాతగట్టు మీదుగా వెళ్తుంటే, కర్పూరం కొనే వంకతోనైనా ఆ దుకాణంలోకి వెళ్లండి. జాజి ఇప్పుడు దగ్గడం లేదని చెప్పండి. ఆవిడ ఆ పూట అన్నం తిందో లేదో కాస్త అడిగి, చూసి రండి.