తొమ్మిదో నెల సూది

తెల్లవారి యోగిత పప్పు పొయ్యి మీద పెట్టిందో లేదో, ఊయలలో అభిరామ్ మూలుగు మారింది. రాత్రి జలుబే కదా అనుకుంది. ఇప్పుడు పది నెలల పసివాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

భర్త రవిచంద్ర ముసునూరు తోటలో కాయ కోయిస్తున్నాడు. ఫోన్ ఎత్తలేదు. మామిడి కోతల్లో ఆయనకు ఇల్లు గుర్తుండదు లెండి! అత్తగారు గోవిందమ్మే ఆటో పిలిచింది.

దారంతా ఆవిడ గొణుగుడే. "అమ్మవారు శాంతించిందనుకున్నాం. ఏం తప్పు జరిగిందో ఏంటో!"

యోగిత బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. తప్పు జరిగింది మరి. పోయిన నెల పెద్దపిల్ల సింధూరకు ఆటలమ్మ పోసినప్పుడు, ఇంట్లో తాలింపు వేయకూడదని, ఎవరికీ సూది వేయించకూడదని అత్తగారు కట్టడి చేసింది. ఆవిడ సింధూర పక్కన కునుకు తీసిన పూట, యోగిత బిడ్డను చంకనేసుకుని అంగన్‌వాడీకి పరుగెత్తి తొమ్మిదో నెల తట్టు టీకా వేయించేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ సూదే ఇప్పుడు బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందా?

నూజివీడులో పిల్లల డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి చెప్పింది. "నిమ్ము చేసిందమ్మా. తట్టు టీకా వేయించారా?"

"లేదండీ, అప్పుడు ఇంట్లో అమ్మవారు..." అంటోంది గోవిందమ్మ.

"వేయించానండీ." అంది యోగిత. "మీకు చెప్పకుండా వేయించాను అత్తయ్యా. డాక్టర్ గారూ, నా చేతులారా నేనే వాడికి ఇది తెచ్చిపెట్టానా?"

గోవిందమ్మ ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశావే! నా మనవడికేమన్నా అయితే నిన్ను..."

"ఆగండి పెద్దమ్మగారూ. ఈ నిమ్ము సూది వల్ల వచ్చింది కాదు," అంది డాక్టరమ్మ. "పైగా తట్టు టీకా పడ్డ పిల్లలు వేరే జబ్బుల్ని కూడా కాస్త తట్టుకుంటారని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మీ వాడికి అది పనిచేస్తోందో లేదో నేను ఖాయంగా చెప్పలేను. సాయంత్రం దాకా చూడాలి."

ఆ పగలంతా అత్తాకోడళ్ళు బెంచీకి చెరో చివర కూర్చున్నారు. లోపల చిన్న దగ్గు వినపడితే ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడేవారు. పొద్దువాలుతుండగా అభిరామ్ గొంతు చించుకుని ఏడ్చాడు. ఆకలి ఏడుపు. డాక్టరమ్మ నవ్వుతూ తలుపు తీసింది.

గోవిందమ్మ మనవడి పాదాలు పట్టుకుని నిలబడిపోయింది.

"సూది వేసినప్పుడూ ఇలాగే ఏడ్చాడా?"

"ఇంకా ఎక్కువే, అత్తయ్యా."

"ఒక్కదానివే ఎలా పట్టుకున్నావే తల్లీ!" ఆవిడకు కన్నీళ్ళు జలజలా కారాయి. "నాకు భయపడి దొంగలా పోయావు. తర్వాతి సూదికి నన్ను తీసుకుపో. వాణ్ణి నేను పట్టుకుంటాను."