ఊపిరాడని గేర్‌బాక్సు

పైవాటాలో అద్దెకున్న కళ్లద్దాల షాపు కుర్రాడు మంచివాడో చెడ్డవాడో, కింద టైలరింగ్ షాపు నడిపే ఇంటివాళ్లమ్మాయికి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. అతని మోటార్‌సైకిల్ మాత్రం ఆమెకు బద్ధశత్రువు. అతని మేనమామ ఇచ్చిన ఆ పాతకాలపు బండికి గేర్‌బాక్సు పైన గాలి పోయే కన్నం ఒకటుంది. అందులోంచి నూనె కారి, సరిగ్గా ఆమె షాపు గుమ్మం ముందు మడుగు కట్టేది. ఒకరోజు ఎవరో దాన్ని తొక్కుకుంటూ లోపలికొచ్చారు. కుట్టడం పూర్తయిన తెల్లగౌను అంచుకు మరక అంటింది.

ఆ గౌను పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఆమె అతన్ని కడిగిపారేసింది. అందరి చూపూ సరిచేసే మనిషికి తన కాళ్ల కింద నూనె కనబడదా అంది. వయసైపోయిన బండిని పాత ఇనుముకు వేస్తారు గాని నెత్తిన పెట్టుకోరంది. అతను తలొంచుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి తలెత్తి, కోపంలో ఈమె కళ్లు ఇంత బాగుంటాయేమిటనుకున్నాడు. ఆ చూపు ఆమె పట్టేసింది. తిట్లు రెట్టింపయ్యాయి.

"ముందా కన్నం మూసి తగలడండి," అని లోపలికి పోయింది.

అతను దాన్ని బంకపెట్టి మూసేశాడు.

కారడం ఆగింది. మెచ్చుకుంటుందేమోనని అతను షాపు ముందు అటూ ఇటూ తచ్చాడాడు. ఈపాటి పనికి ఇన్నాళ్లా అని ఆమె కుట్టుమిషన్‌తో చెప్పింది, అతనికి వినబడేలా.

ఆ వారమే ఓ సాయంత్రం వానలో అతను గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే వెనక చక్రం సర్రున జారింది. బండి ఓ పక్క, మనిషి ఓ పక్క పడ్డారు. ఆమె కత్తెర పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వానలోకి పరిగెత్తింది. అతని మోచెయ్యి చీరుకుపోయింది. టైరు నిండా నూనె. గాలికి దారి మూసుకుపోవడంతో లోపలి నూనె గొలుసు పక్కన నూనెను ఆపే రబ్బరు సీలును తోసుకుని బయటికి చిమ్మింది.

అతన్ని షాపులో కూర్చోబెట్టి, మంచి కాటన్ గుడ్డ చింపి కట్టు కట్టింది. ఆమె చేతులు మెత్తగా కదిలాయి. నోరు మాత్రం మెత్తబడలేదు.

"మూస్తే ఏమవుతుందో కనుక్కోవద్దా?"

"మీరు మూసెయ్యమన్నారు కదండీ."

"బట్టలు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసని? నేనేం చెబితే అది చేసేస్తారా?"

"ఇంకేమైనా చెప్పి చూడండి," అన్నాడతను నెమ్మదిగా.

ఆమె బాగానే ఉన్న ముడిని విప్పి మళ్లీ కట్టింది.

మర్నాడు ఫోన్లో సంగతంతా విని అతని మేనమామ పడిపడి నవ్వాడు. నూనె ఎక్కువైతేనే ఆ కన్నం కక్కుతుందిరా అన్నాడు. కారిన ప్రతిసారీ తగ్గిపోయిందేమోనని ఇతగాడు ఇంకాస్త పోస్తూ వచ్చాడు. కడుపు నిండినవాడి నోట్లో ముద్దలు కుక్కే రకం అని ఆమె తేల్చేసింది.

అతనికి చెయ్యి లేవదు కనుక పని ఆమె మీద పడింది. పెద్ద సూదితో కన్నంలోని బంకంతా గీకేసింది. గేర్‌బాక్సు పక్కన నూనె మట్టం చూసే బోల్టు విప్పితే ఎక్కువైన నూనె బేసిన్లోకి కారి, దానంతటదే ఆగింది. అతను పక్కన కూర్చుని చెబుతుంటే, వంకలు పెడుతూనే గొలుసు విప్పి కొత్త సీలు బిగించింది. బండి స్టార్ట్ చేసి, కింద తెల్లగుడ్డ పరిచి, ఇద్దరూ దాని ముందు చతికిలబడ్డారు. ఎంతసేపటికీ చుక్క పడలేదు. పడదని తెలిశాక కూడా ఇద్దరూ లేవలేదు.

అప్పుడే ఆమె తల్లి బయటికొచ్చింది. మోచేతుల దాకా నల్లబడ్డ కూతురినీ, వెలిగిపోతున్న అతని మొహాన్నీ చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పైవాటా ఖాళీ చెయ్యమని చెబుతానన్నావు. చెప్పావా?"

"లేదమ్మా." కూతురు గుడ్డ మీంచి చూపు తిప్పలేదు. "ఖాళీ చేసి మాత్రం ఎక్కడికి పోతాడు? మన వాటాలోకే కదా."

అర్థం కావడానికి తల్లికి కాస్త, అతనికి ఇంకాస్త సమయం పట్టింది. తల్లి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"దీని నోరెలాంటిదో తెలుసా బాబూ?"

"బాగా తెలుసండి."

"తెలిసీ ఒప్పుకున్నావంటే నీ ఖర్మ," అంది ఆవిడ. తర్వాత ఇద్దరినీ చేతులు కడుక్కుని భోజనానికి రమ్మంది.