అన్నా... చలేస్తోంది

ఆసుపత్రి నాలుగో అంతస్తులో, ఆపరేషన్ గదికి ఎదురుగా ఉన్న బల్ల మీద రాత్రిపూట ఎవరూ కూర్చోరు. పోయినవాళ్ళు అక్కడ నిలబడి సొంతవాళ్ళని పిలుస్తారట. కాళ్ళు పీకుతున్నా సరే, జనం ఆ పక్క గోడకి ఆనుకుని తెల్లారుస్తారు.

ఆ అంతస్తులో నర్సుగా చేసిన మా పెద్దమ్మ చెప్పిన సంగతి ఇది.

ఒక టైలర్ తమ్ముడు గోడలకి రంగులేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. తల్లీతండ్రీ లేరు, అన్నే పెంచాడు. మూడోరోజు డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి, మెదడు చచ్చిపోయిందన్నారు. అవయవాలిస్తే నలుగురు బతుకుతారన్నారు. టైలర్ సంతకం పెట్టాడు.

పెట్టాక వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది... ఛాతీ లేస్తోంది, పడుతోంది.

"సిస్టరమ్మా, ఊపిరి పీలుస్తున్నాడు కదా?"

"ఊపిరాడిస్తున్నది మిషను, నాయనా."

బయటికొచ్చి, తెలీక ఆ బల్ల మీదే కూలబడ్డాడు.

రాత్రి రెండు దాటింది. వీపు వెనకాల ఎవరో మూలిగారు. తిరిగి చూశాడు — ఉత్త గోడ.

"అన్నా..."

దిగ్గున లేచి నిలబడ్డాడు.

"అన్నా... చలేస్తోంది."

పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకున్నాడు.

"వాడు పిలిచాడమ్మా! బతికే ఉన్నాడు! నా చేత్తో నేనే వాణ్ణి... ఆ కాగితం చింపెయ్యండి!"

"నువ్వు వద్దంటే ఆపేస్తారు. ముందు చూద్దాం, పద."

తమ్ముడు ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ బల్ల దగ్గరికెళ్ళారు. ఈసారి పెద్దమ్మకీ వినిపించింది. తలెత్తి చూసింది — గోడలో, పైన, గాలి కోసం వదిలిన కన్నం. అవతల ఇంకో గది.

తలుపు తీసింది. పాతికేళ్ళవాడు... కళ్ళూ ఒళ్ళూ పచ్చబడి, కడుపు ఉబ్బి. కాలేయం దొరుకుతుందేమోనని నెలలుగా కాచుకుని ఉన్నవాడు. అతనికి తోడున్న సొంత అన్న మందుల కోసం కిందికెళ్ళాడు.

"వచ్చావా, అన్నా?" మగతలో అడిగాడు.

టైలర్ మంచం దగ్గరికెళ్ళాడు. దుప్పటి భుజాల దాకా కప్పాడు. ఆ మనిషి ఆయన చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. మంచుముక్కలా ఉంది ఆ రోగి చెయ్యి.

"ఆపమని చెప్పనా?" పెద్దమ్మ గుసగుసలాడింది.

టైలర్ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే వరండాలో చక్రాల చప్పుడు. తమ్ముణ్ణి ఆపరేషన్ గదికి తీసుకెళ్తున్నారు. ఆఖరిచూపు కోసం టైలర్ లేవబోయాడు.

"పోకన్నా..."

వేళ్ళు బిగుసుకున్నాయి. విడిపించుకోవడానికి ఆయనకి చేతులు రాలేదు.

చక్రాలు తలుపు దాటి వెళ్ళిపోయాయి.