లేవని ఆడవాళ్లు

ఆ రోజు పొద్దున్నే మువానాషా కర్రపెండలం గంజి తాగి బయల్దేరింది. మొజాంబిక్ తీరాన అంగోషేలో జీడి ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. యంత్రాలను తుక్కు కింద అమ్మేస్తున్నారని తెలిసినప్పటి నుంచి పిక్కలు కొట్టే ఆడవాళ్లంతా గేటు ముందే కూర్చుంటున్నారు.

భర్త అబకార్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పదేళ్లు సైన్యంలో ఉండి, యుద్ధం ముగిశాక ఏ పనీ దొరక్క తిరుగుతున్న మనిషి. రేవు గోదాములో కాపలా ఉద్యోగం ఇస్తామన్నారట. ముందు భార్యను గేటు దగ్గర నుంచి లేపమన్నారట. ఆ మాట నేల చూస్తూ చెప్పాడు.

"ఆ గోదాములో ఏముంటాయి?" అని అడిగింది మువానాషా.

"జీడిపిక్కలు."

"కొట్టనివి. పిక్కలు పిక్కల్లాగే ఓడెక్కాలని అప్పిచ్చిన దేశాలవాళ్లు షరతు పెట్టారు, మనవాళ్లు తలూపారు. మా నోటి కూడు తీసిన పిక్కలకు నువ్వు కాపలా కాస్తావా?"

"రాజధానిలో తేలిపోయిన సంగతి ఇది. మీరు కూర్చుంటే ఆగుతుందా?"

జీడి రసానికి నల్లబడిన వేళ్లు అతని ముందుకు చాచింది. "ఊరి బయట కాల్పులు జరుగుతున్నా పిక్కలు కొట్టాం. తుపాకులు మూయించలేని ఫ్యాక్టరీ అది. ఒక్క కాగితానికి వదిలేస్తామా?"

అబకార్‌కు రోషం వచ్చింది. అయితే ఈ ఇంట్లో ఉండనన్నాడు.

రోలు దగ్గర ఉన్న మువానాషా తల్లి అతీజా తలెత్తింది. "ఇల్లు మా అమ్మది, ఇప్పుడు నాది, రేపు దీనిది. మనలో మూట కట్టుకుని వచ్చేదీ పోయేదీ అల్లుడే కదా నాయనా. పోయే ముందు గంజి తాగు."

అతను తాగకుండానే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం యంత్రాలను తీసుకుపోవడానికి లారీ వచ్చింది. దాని ముందు కొత్త ఖాకీ చొక్కాలో నడుస్తున్నది అబకారే. ఆడవాళ్లంతా మువానాషా వైపు చూశారు. ఆమె కదల్లేదు. అతను ఎదురుగా గొంతుక్కూర్చుని, లేవమని మెల్లగా బతిమాలాడు.

"నువ్వు యుద్ధానికి వెళ్లిన పదేళ్లూ అందరూ నాకు ఒకటే చెప్పారు. వాడిక రాడు, ఇంకొకణ్ణి చూసుకోమని. విన్నానా?" అంది ఆమె.

అబకార్ లేచి లారీ దగ్గరకు వెళ్లాడు.

"అడ్డు తీయించావా?" అన్నాడు డ్రైవరు.

"తీయించను. ఆమె నా భార్య."

ఖాకీ చొక్కా విప్పి డ్రైవరు చేతికిచ్చాడు. డ్రైవరు కాసేపు చూసి లారీ వెనక్కి తిప్పాడు. అబకార్ వచ్చి మువానాషా పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

"రేపు మళ్లీ వస్తారు," అన్నాడు.

"రానీ," అంది.

అప్పటికి గానీ ఆమెకు ఏడుపు రాలేదు.