కిటికీలో తెరెంజియో

నది అవతలి పేటలో, చేపల సందు మలుపులో ఉన్న ఆ పాడుపడ్డ ఇంటి ముందునుంచి సాయంత్రం ప్రార్థన గంట కొట్టాక ఎవరూ నడవరు. తప్పక నడిచినా, శిలువ గుర్తు వేసుకుని తల దించుకునే పోతారు. అందులో దెయ్యాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. అది ఎంత పొడుగో మాత్రం అందరూ చెప్తారు.

ప్రస్సేదె బట్టలుతికి బతికే మనిషి. సారాపీపాల బండి తోలే మొగుడు తెరెంజియో పోయి మూడేళ్ళు. ఇప్పుడు వేయించిన గింజలమ్మే ఎర్కొలెతో పెళ్ళి కుదిరింది. అత్త, తెరెంజియో తల్లి, అడ్డం తిరిగింది. తన కొడుకు ఒప్పుకున్నాడని తేలితే తప్ప మనవరాల్ని పంపనని పిల్లను తన దగ్గరే అట్టేపెట్టుకుంది. చచ్చినవాడి ఒప్పుకోలు ఎవరు తెస్తారు?

ఆ వేళ చీకటిపడ్డాక బట్టల గంపతో మలుపు తిరిగిన ప్రస్సేదె, ఎందుకో తలెత్తింది.

పై కిటికీలో దీపం. దీపం పక్కన... ఒక మనిషి.

చేతుల్లేని ఎర్రకోటు, వెండి గుండీలు, పట్టు దట్టీ— తెరెంజియో పెళ్ళిబట్టలు. పోయిన చలికాలం రొట్టెకి లేక, పాతబట్టల బండివాడికి తనే అమ్మేసినవి.

మొహం టోపీ నీడలో ఉంది.

గంప జారిపోయింది. పరిగెత్తేదే— పిల్ల గుర్తొచ్చింది. గోడ పట్టుకుని గుసగుసగా మొదలుపెట్టింది. బట్టలమ్మింది ఆకలికేనని, ఎర్కొలె తాగడని, పిల్లంటే ప్రాణమని...

"అతన్ని చేసుకోనా? పిల్లని నాతో రానిస్తావా?"

నదిమీంచి గాలి వీచింది. ఆ తల మెల్లగా కిందికి... పైకి... మళ్ళీ కిందికి.

అంతలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. తలను పట్టుకుని, గిర్రున తిప్పి— ఊడబెరికింది.

ప్రస్సేదె శిలువ గుర్తు వేసుకుంది.

కిటికీలోంచి డెన్మార్కు చిత్రకారుడొకడు తొంగిచూశాడు. దెయ్యాల ఇంటికి అద్దె తక్కువని చేరి మూడు రోజులే అయింది. మన వీధి జనం బొమ్మలు వేయాలని వచ్చాడు గానీ, మనవాళ్ళని కూర్చోబెడితే కూలీ అడుగుతారు, కుదురుగానూ కూర్చోరు. అందుకే కొయ్యమనిషికి మన పాతబట్టలు తొడిగి, చూసి వేసుకుంటున్నాడు. మెడ మర వదులై గాలికి ఊగుతోందని, ఇప్పుడే బిగిస్తానని, వచ్చీరాని మాటల్లో క్షమాపణ చెప్పుకున్నాడు.

ప్రస్సేదె గంప ఎత్తుకుని రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"అయ్యా, ఆ మర బిగించకండి. రేపు ఇదే వేళకి మా అత్తని తీసుకొస్తాను. గాలి లేకపోతే, వెనకనుంచి మీరే కాస్త ఊపండి."