నాన్న వెతికిన గొంతు

మాడ్రిడ్ రైలు దిగి విసి దక్షిణాది రేవుపట్నం కాదిస్‌లోని ఇంటికి వచ్చేసరికి, తల్లి ఆంగుస్తియాస్ వంటింట్లో రొట్టెముక్కలు వేయిస్తోంది. తండ్రి అన్సెల్మో బజారుకు వెళ్లబోతూ, అక్కడ అమ్మాల్సిన లాటరీ టికెట్లు చొక్కాకు గుచ్చుకుంటున్నాడు. పుట్టుకతోనే చూపు లేని ఆయన ఒక్కోదాన్నీ వేళ్లతో తడిమి వరస సరిచూసుకుంటున్నాడు.

"వచ్చింది మహానటి!" అంది తల్లి. "నిన్న ఊరంతా నీ సినిమాకే. మీ నాన్న ముందు వరసలో కూర్చున్నాడు."

విసి చేతిలోని పెట్టె కింద పెట్టింది.

"ఎలా ఉంది నాన్నా?"

"బావుందమ్మా. పాటలు బావున్నాయి." అన్నాడు ఆయన. "నువ్వెప్పుడొచ్చావో మాత్రం తెలీలేదు. చేపల బజారు గోలలో కూడా నీ గొంతు పట్టేసేవాణ్ణి కదా! ఇప్పుడు మాట్లాడతావు, ఇప్పుడు మాట్లాడతావు అని ఆఖరిదాకా కూర్చున్నాను. పక్కవాళ్లని అడగడానికి మొహం చెల్లలేదు. మీ అమ్మాయి ఎలా మాట్లాడింది అని వాళ్లే అడిగితే, అద్భుతం అనేశాను."

తల్లి పొయ్యి ఆర్పి ఇటు తిరిగింది. "ఆయనతో చెప్పలేక నోరు మూసుకున్నా. ఎవతె అది, నీ నోట్లోంచి మాట్లాడింది?"

"మాడ్రిడ్ అమ్మాయి. పెద్దింటి పిల్ల వేషానికి మన యాస నప్పదన్నారమ్మా. గొంతు వేరేవాళ్లతో..."

"వాళ్లన్నారు సరే. నువ్వేమన్నావ్?"

విసి తల దించుకుంది. సంతకం పెట్టేముందు దర్శకుడే అడిగాడు, ఇంట్లోవాళ్లు బాధపడరా అని. తను నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతోంది.

"వాళ్లకేం తెలుస్తుందిలే అన్నాను."



"పోన్లే," అన్నాడు అన్సెల్మో కుర్చీలో కూర్చుంటూ. "చివర్లో తల్లి మంచం దగ్గర ఆ పిల్ల ఏదో అంటుంది చూడు, అది నాకోసం నువ్వను."

విసి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నాలుగేళ్లు మాడ్రిడ్‌లో దిద్దుకున్న మాట, కడిగి ఆరబెట్టినట్టు వచ్చింది.

"ఇది నిన్నటి పిల్లే కదమ్మా," అన్నాడు మెల్లగా.

మళ్లీ అంది. మళ్లీ అదే గొంతు. ఆమె కింద కూర్చుంది. తండ్రి మోకాళ్ల మీద తలపెట్టి భోరుమంది.

"నాన్నోయ్, నాకింక రావట్లేదు నాన్నా! ఎక్కడ పారేసుకున్నానో ఏంటో..."

అన్సెల్మో చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది.

"ఆఁ," అన్నాడు ఆయన, "ఇదిగో, ఇప్పుడొచ్చావు తల్లీ."