ఒకేచోట తిన్న కోతులు

ఉదయం ఏడున్నర. జమ్మలమడుగు ఎస్ఐ మాధవి వెళ్లేసరికి నాగేంద్రమ్మ శవం మిద్దె కింద ఉంది.

"కోతులు మేడం," అన్నాడు నాగేంద్రమ్మ తమ్ముడి కొడుకు వివేక్. "పైన ఆరబోసిన చెనిక్కాయలు తినేకి వచ్చినాయి. అత్త అదిలిస్తే ఇరవై కోతులు ఎగబడినాయి. నేను పైకి పోయేలోపలే పడిపోయింది."

కోతుల మీద ఎఫ్ఐఆర్ రాయలేరు. అందుకని వీధి ఒక మనిషిని వెతుక్కుంది. అరటిపళ్ల బండి లాల్ బాషా. మిగిలిన పళ్లు రోజూ ఆ గుంపుకు పెట్టేది అతనే.

"నేనే వాటిని పళ్లకు మరిగిచ్చినా మేడం. అక్కను నేనే చంపినట్టు," అంటూ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

మాధవికి జాలేసింది. చిరాకూ వేసింది. నాగేంద్రమ్మ ఇంటి మిద్దెక్కి చూసింది. పిట్టగోడ పక్కన ఆ వేరుశనగ కాయల తొక్కలు కుప్పగా ఉన్నాయి. ఫొటో తీసుకుంది.

మరునాడు సాజియాను పిలిపించింది. రెండేళ్లుగా ఆ కోతుల గుంపు మీదే రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి.

"ఇవి మనుషుల మీద పడతాయా?"

"లెక్క ప్రకారం శానా అరుదు మేడం. అసలు పడవని మాత్రం చెప్పలేను."

మాధవి ఉసూరుమంటూ ఫొటో చూపించింది. సాజియా తొక్కల కుప్పను పెద్దది చేసి చూసింది.

మధ్యాహ్నం అదే మిద్దె మీదికి వివేక్‌ను, బాషాను రప్పించారు. సాజియా ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఏ కోతి ఏ కోతి పక్కన కూర్చుని తింటుందో దీంట్లో ఉంది. పెద్ద మగకోతి ఉన్నచోట మిగతావి దాదాపుగా కూర్చోవు. బుగ్గల్లో కుక్కుకొని దూరం పోయి తింటాయి. ఇరవై వచ్చింటే తొక్కలు అన్ని మిద్దెల మీదా పడాల."

"చుట్టుపక్కల మిద్దెలన్నీ ఎక్కి చూసినా. ఒక్క తొక్క లేదు," అంది మాధవి. "ఈడ మాత్రం కుప్ప. ఎవరు ఒలిచినారు వివేక్?"

అతను గోడకు ఆనుకున్నాడు.

"ఇల్లు నా పేర రాయమన్నా. రాయనన్నది. కోపంలో తోసినా మేడం. పడుతుందనుకోలే. కోతుల పని అనుకోవాలని తొక్కలు నేనే ఒలిచి పోసినా."

కానిస్టేబుల్ అతన్ని కిందికి తీసుకుపోయాడు.

"విన్నావు కదా బాషా. నీ తప్పు లేదు. కోతుల తప్పూ లేదు. ఇంటికి పో," అంది మాధవి.

బాషా కదల్లేదు.

"పొద్దున కోతులు పట్టేటోళ్లు వ్యాన్ తెచ్చినారు మేడం. బోన్ల దగ్గరికి ఒక్కటీ రాలేదు. నన్నే వాటిని పిలవమన్నారు. అక్కను చంపినాయి కదా అని నేనూ సరే అన్నా."

"యాడికి తీసుకపోయినారు?"

"చెప్పలేదు. నేను పిలిస్తే అన్నీ వచ్చినాయి మేడం. పిల్లలను కడుపుకు కరిపిచ్చుకొని వచ్చినాయి."